ఆ ఫార్వర్డ్ చూసి బీపీ మాత్ర ఆపకండి

ఈ వారంలో నాలుగోసారి వచ్చింది ఆ మెసేజ్, ఈసారి మా కాలనీ గ్రూపులో. "డెన్మార్క్‌లో జనం మందుల చీటీలన్నీ ప్రభుత్వం దాచి, పేర్లతో సహా రీసెర్చ్ వాళ్లకు ఇస్తోంది, మనుషుల మీద ప్రయోగాలు చేస్తున్నారు, బీపీ మాత్రతో క్యాన్సర్ వస్తుందని తేలింది, వెంటనే ఆపేయండి."

ప్రయోగాలా? ఎవరికీ కొత్త మాత్ర మింగించలేదు. డాక్టర్ రాస్తే షాపులో కొన్న మందుల లెక్క అది, 1995 నుంచి ఉంది. పేర్లూ ఇవ్వరు, మన ఆధార్ లాంటి పౌర సంఖ్య తీసేసి కోడ్ పెట్టి ఇస్తారు.

ఇక క్యాన్సర్. మా పిన్ని ఇది చదివి మాత్రలు ఆపేసింది. స్ట్రిప్పు తీసుకెళ్లి పసుపు డబ్బా వెనక పెట్టి, అడిగితే వేసుకున్నానంది. అయిదో రోజు తల తిరుగుతోందంటే చూపించాం, పై బీపీ 190. ఇది పంపినవాళ్లకు ఆ రాత్రి మా టెన్షన్ తెలుసా?

అసలు విషయం హైడ్రోక్లోరోథయాజైడ్ అనే ఒక్క మందు గురించి. మన బీపీ మాత్రల్లో పేరు చివర "హెచ్" అని ఉంటుంది చూడండి, చాలావాటిలో అది ఇదే. ఆ చీటీలను క్యాన్సర్ రికార్డులతో కలిపి చూస్తే, మొత్తం 50,000 మిల్లీగ్రాములు దాటి వాడినవాళ్లలో అది వాడనివాళ్లకంటే స్క్వామస్ రకం చర్మ క్యాన్సర్ దాదాపు నాలుగు రెట్లు కనిపించింది. రోజుకు 12.5 చొప్పున అంత వాడాలంటే సుమారు 11 ఏళ్లు పడుతుంది! పైగా అది తెల్లని చర్మం వాళ్ల దేశం, ఎండతో వచ్చే చర్మ క్యాన్సర్ వాళ్లకే ఎక్కువ. 2018లో యూరప్ మందుల సంస్థ చెప్పింది కూడా ఎండ తగ్గించుకోండి, చర్మం మీద కొత్త మచ్చలుంటే చూపించుకోండి, ముందే చర్మ క్యాన్సర్ వచ్చినవాళ్ల విషయంలో డాక్టర్లు మళ్లీ ఆలోచించండి అని. బీపీ మాత్రలన్నీ ఆపేయమని ఎక్కడుంది? ఆ చీటీలు దాచబట్టే కదా ఈ సంగతైనా బయటపడింది!

ఒకటి ఒప్పుకుంటాను. చీటీలో ఉన్న మందు మనిషి మింగాడో లేదో, ఎండలో ఎంతసేపు తిరిగాడో ఆ రికార్డులో ఉండదు. గోప్యత భయమూ ఉత్తిది కాదు, ఇంగ్లండ్‌లో ఇలాంటి పథకమే జనం నమ్మక 2016లో మూసేశారు. మా గల్లీ చివరి మందుల షాపులో బిల్లు కొట్టే ముందు ఫోన్ నంబర్ అడుగుతారు, ఎందుకని నేనూ ఏనాడూ అడగలేదు. దాని మీద రాయండి, నేనే ముందు పంపిస్తాను.