గుండమ్మకు మొగుణ్ణి తీసేశాక

'గుండమ్మ కథ'ను మనం అచ్చ తెలుగింటి కథ అనుకుంటాం కానీ, దాని పుట్టిల్లు కన్నడం. బి. విఠలాచార్య 1958లో తీసిన 'మనె తుంబిద హెణ్ణు'ను విజయా సంస్థ తెలుగు చేసుకుంది. గుండమ్మ అన్న పేరూ అక్కడిదే. మన వైపు పెద్దగా వినపడని ఆ పేరును నిర్మాత చక్రపాణి అలాగే ఉంచేశారు. మార్చింది వేరే. కన్నడంలో గుండమ్మకు మొగుడున్నాడు. మొదటి భార్య కూతురు పనిమనిషిలా చాకిరీ చేస్తుంటే నోరు మెదపని మనిషి. తెలుగులో ఆయన్ను తీసేశారు.

నా దృష్టిలో సినిమా నిలబడింది ఈ కోత మీదే. కన్నతండ్రి ఇంట్లో ఉండి కూడా ఊరుకుంటే చూసేవాడికి ఒళ్లు మండుతుంది, నవ్వెలా వస్తుంది? ఆయన లేకపోతే గుండమ్మ, మగదిక్కు లేని ఇంటిని నోటితో కాపాడుకొస్తున్న మనిషి అవుతుంది. ఆమె గయ్యాళితనానికి ఒక సాకు దొరుకుతుంది. మనం కోప్పడుతూనే ఆమెను క్షమించడానికి సిద్ధపడతాం.

ఆ నోటి విషయంలోనూ పొదుపే. గుండమ్మగా సూర్యకాంతం తెర మీదికొస్తే చాలు, గయ్యాళి అని మాటల్లో చెప్పక్కర్లేదన్నది చక్రపాణి లెక్క. మాటలు రాసిన డి.వి. నరసరాజు ఆ లెక్క తప్పలేదు. ఆవిడ ఎడమ చెయ్యి తిప్పడమే సగం సంభాషణ! పైగా దర్శకుడు కమలాకర కామేశ్వరరావు. మరుసటి ఏడాది 'నర్తనశాల' తీసిన పౌరాణికాల మనిషి చేతికి పెరటి తగాదాలు అప్పగించారు.

1962 జూన్ 7న విడుదలైన ఈ చిత్రం ఎన్టీఆర్‌కు నూరవది, అక్కినేనికి తొంభై తొమ్మిదవది. అలాంటప్పుడు ఎవరి పేరు ముందు వెయ్యాలి? టైటిల్స్‌లో పేర్ల బదులు తారల ఫొటోలు చూపించి ఆ తగవును దాటేశారు. అంతకుముందు జమునకు ఆ ఇద్దరు హీరోలతో కొన్నేళ్లపాటు మాటల్లేవు. నిర్మాతలు నాగిరెడ్డి, చక్రపాణి రాజీ కుదిర్చాకే ఆమె గుండమ్మ సొంత కూతురు సరోజ అయింది. 'కోలో కోలోయన్న' పాటకైతే ఎన్టీఆర్, సావిత్రి, అక్కినేని, జమున నలుగురి కాల్షీట్లూ ఒకేసారి దొరకలేదు. ఎవరు దొరికినప్పుడు వాళ్లతో తీసి, ఎడిటింగ్‌లో కలిపారు. రెండు జంటల కలివిడితనానికి గుర్తుగా చెప్పుకునే పాట అది. ఈసారి చూసేటప్పుడు ఒకే షాట్‌లో ఎందరున్నారో గమనించండి.

ఇంత ఇష్టంగా చెబుతున్నా, రాజా (అక్కినేని)–సరోజల భాగం నాకు మింగుడుపడదు. షేక్‌స్పియర్ 'టేమింగ్ ఆఫ్ ది ష్రూ' ఛాయలున్న కథ అది. ఉన్నవాడు లేనివాడిలా నటించి, పెళ్లాం చేత తోటలో కూలిపని చేయించి దారికి తెస్తాడు. మరోపక్క అదే సినిమాలో 'లేచింది నిద్ర లేచింది మహిళాలోకం' అని పింగళి పాట! రోట్లో పిండి రుబ్బుతున్న సవతి కూతురు లక్ష్మి (సావిత్రి) పక్కన నిక్కరేసుకున్న అంజి (ఎన్టీఆర్) పాడే పాట. మెచ్చుకోలో, వెక్కిరింతో తేలదు. పింగళి తేల్చదలచుకోలేదనే నా అనుమానం. అంజి మాత్రం రోటి దగ్గర నిజంగానే చెయ్యి కలుపుతాడు. అందుకే రాజాకన్నా అతనే మనకు దగ్గరవుతాడు.

అదే ఏడాది ఈ కథనే విజయా వాళ్లు తమిళంలో 'మనిదన్ మారవిల్లై'గా తీశారు. అక్కినేని, సావిత్రి, జమున, ఎస్వీ రంగారావు అక్కడా ఉన్నారు. అంజి వేషం జెమినీ గణేశన్ వేశారు. తెలుగులో వచ్చినంత పేరు మాత్రం రాలేదు. అక్కడ గుండమ్మ స్థానంలో నటించింది సుందరీబాయి. ఆవిడ మంచి నటే. కానీ సూర్యకాంతాన్ని చూసి భయపడటం అప్పటికే అలవాటైన ప్రేక్షకులు ఆ హాళ్లలో లేరు.