“కొండవాగు నీళ్లు నేరుగా తాగొచ్చు” అనే మెసేజ్‌కు నా జవాబు

ట్రెక్కింగ్ సీజన్ వచ్చిందంటే ఒక మెసేజ్ మళ్లీ తిరగడం మొదలవుతుంది. ఈసారి నాకు నలుగురు పంపారు. దాని సారాంశం ఇది: కొండల్లో పారే నీరు తనంతట తానే శుద్ధి అవుతుంది. తేటగా, చల్లగా ఉంటే తాగేయొచ్చు. అడవి జంతువులు తాగే నీళ్లు మనిషిని ఏం చేస్తాయి? మరీ భయమైతే రుమాలు మడిచి వడగట్టుకోండి, లేదంటే 20 నిమిషాలు మరిగించండి. ఫిల్టర్లు, మాత్రలు అన్నీ కంపెనీల వ్యాపారం. చివర్లో ఒక సాక్ష్యం కూడా ఉంది: “మేం పదేళ్లుగా తాగుతున్నాం, మాకేం కాలేదు.”

మొత్తం అబద్ధమే అయితే జవాబు రాయడం తేలికయ్యేది. ఇందులో కొంత నిజం కలిసి ఉంది, అందుకే జనం నమ్ముతున్నారు. ఏ మాట ఎంతవరకు నిలుస్తుందో చూద్దాం.

“పారే నీరు తనంతట తానే శుద్ధి అవుతుంది.”

నదులకు ఆ గుణం ఉన్న మాట నిజమే. అయితే శాస్త్రం చెప్పే ఆ శుద్ధి వేరు. నీటిలో కలిసిన మురుగును బాక్టీరియా తినేస్తుంది, ఆ పనిలో తగ్గిన ఆక్సిజన్‌ను నీరు గాలి నుంచి మళ్లీ తీసుకుంటుంది. స్ట్రీటర్, ఫెల్ప్స్ అనే ఇద్దరు అమెరికాలోని ఒహాయో నదిని పరిశీలించి 1925లో దీనికి లెక్క కట్టారు. ఆ లెక్క రోజుల్లో, కిలోమీటర్లలో నడుస్తుంది. నాలుగు బండల మీంచి దూకిన నీళ్లకు అది వర్తించదు. జియార్డియా అనే పరాన్నజీవి గట్టి గోడ ఉన్న తిత్తిలో దాక్కుని చన్నీళ్లలో వారాలు, నెలల తరబడి బతుకుతుంది. పై మలుపు నుంచి మీ సీసా దాకా రావడానికి దానికి పట్టేది కొన్ని నిమిషాలు.

ఇక్కడ ఇంకో తమాషా ఉంది. పారే నీరు మంచిది, నిలిచిన నీరు చెడ్డది అన్నది మనందరి నమ్మకం. లోతైన కొండ సరస్సులో మాత్రం మట్టి, దాంతోపాటు కొన్ని క్రిములు మెల్లగా అడుక్కి దిగుతాయి. పైపొర మీద ఎండలోని అతినీలలోహిత కిరణాలు పడుతుంటాయి. వాగు అలా కాదు, అడుగున ఉన్నదాన్ని కూడా కలిపి లాక్కొస్తుంది. గట్టి వాన పడిన తర్వాతైతే చుట్టుపక్కల వాలు మీదున్నదంతా అందులోకే. అందుకే రెండూ దగ్గరగా ఉంటే నేను సరస్సు పైనీళ్లే ముంచుకుంటాను. వాటినీ ఫిల్టర్ చేసుకునే తాగుతాను, అది వేరే సంగతి.

“తేటగా, చల్లగా ఉంటే చాలు.”

ఈ మెసేజ్‌లో అన్నిటికంటే ప్రమాదకరమైన మాట ఇదే. సముద్రపు నీటిలో మిల్లీలీటరుకు సుమారు 10 లక్షల బాక్టీరియా ఉంటుంది. అందులో దాదాపు అంతా మనల్ని ఏమీ చేయనిదే, కానీ గ్లాసులో పోసి చూడండి, తేటగానే కనిపిస్తుంది. జియార్డియాకైతే అన్ని లక్షలు కూడా అక్కర్లేదు. పది తిత్తులు కడుపులోకి వెళ్లినా జబ్బు చేయగలవు. ఒక్కో తిత్తి పొడవు 10 మైక్రాన్ల ప్రాంతంలో ఉంటుంది (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు). మన తల వెంట్రుక మందం సుమారు 70 మైక్రాన్లు. అంత చిన్నవి పది, లీటరు నీళ్లలో! మీ కంటికి ఆనుతాయా?

చల్లదనం సంగతి పూర్తిగా తలకిందులు. ఫ్రిజ్‌లో పెడితే కూర పాడవకుండా నిలవ ఉంటుంది కదా, చన్నీళ్లలో ఆ తిత్తులూ అలాగే నిలవ ఉంటాయి. వెచ్చని నీటిలో త్వరగా చస్తాయి.

“జంతువులు తాగడం లేదా?”

తాగుతున్నాయి, అక్కడే విసర్జిస్తున్నాయి కూడా. జియార్డియా జబ్బుకు ఉత్తర అమెరికాలో ‘బీవర్ ఫీవర్’ అనే పేరే ఉంది, బీవర్ అంటే అక్కడి వాగుల్లో ఉండే ఒక జంతువు. జంతువులకూ ఈ పరాన్నజీవులు సోకుతాయి. కొన్నిటికి జబ్బు చేస్తుంది, కొన్ని ఏ లక్షణం లేకుండా మోస్తూ తిరుగుతాయి. జంతువు చేసిందల్లా మనమూ చేయొచ్చనుకుంటే రాబందు పక్కన కూర్చుని భోంచేయాలి.

“రుమాలు మడిచి వడగట్టుకోండి.”

ఈ మాట ఎక్కడి నుంచి వచ్చిందో నాకు అనుమానం ఉంది. సూక్ష్మజీవ శాస్త్రవేత్త రీటా కోల్వెల్ బృందం బంగ్లాదేశ్ పల్లెల్లో చేసిన పరిశోధన 2003లో అచ్చయింది. పాత చీర బట్టను మడతలు వేసి నీళ్లు వడగట్టుకున్న ఇళ్లలో కలరా దాదాపు సగానికి, అంటే 48 శాతం తగ్గింది. గొప్ప ఫలితమే. అది ఎందుకు పనిచేసిందో మాత్రం ఎవరూ ఫార్వర్డ్ చేయరు. కలరా క్రిమి ఆ చెరువుల్లో ఉండే చిన్న చిన్న నీటి పురుగులను అంటిపెట్టుకుని ఉంటుంది. పాత చీర మడతలకు చిక్కేది ఆ పురుగు, దాంతోపాటు క్రిమి కూడా. ఆ మడతల సందులు 20 మైక్రాన్ల వరకు ఉంటాయి. 10 మైక్రాన్ల జియార్డియా, 4 నుంచి 6 మైక్రాన్ల క్రిప్టోస్పోరిడియం (క్రిప్టో) అనే మరో పరాన్నజీవి అందులోంచి దర్జాగా దూరిపోతాయి. పైగా కలరా విషయంలో కూడా మిగతా సగం తగ్గలేదన్నది మర్చిపోకూడదు.

రుమాలును పక్కన పారేయమని మాత్రం అనను. బురద నీళ్లయితే ముందు దాంతో వడగట్టండి, ఫిల్టర్ త్వరగా మూసుకుపోదు. నీళ్లు మురికిగా ఉంటే క్లోరిన్‌లో కొంత ఆ మురికికే ఖర్చవుతుంది, క్రిములను చంపే యూవీ (అతినీలలోహిత) దీపం వెలుగు లోపలిదాకా వెళ్లదు. కాబట్టి రుమాలుతో పని మొదలవుతుంది, అయిపోదు.

“ఫిల్టర్లు, మాత్రలు వ్యాపారం.”

వ్యాపారమే, కాదని ఎవరన్నారు? చెప్పులు కూడా వ్యాపారమే, అలాగని ముళ్లదారిలో ఉత్తకాళ్లతో నడవం. అయితే ఈ మెసేజ్‌కు కోపంగా జవాబిచ్చేవాళ్లు “నా దగ్గర ఫిల్టర్ ఉంది, ఇక టెన్షన్ లేదు” అంటుంటారు. వాళ్లూ సగం తప్పే.

బ్యాగులో వేసుకెళ్లే సన్నటి గొట్టాల ఫిల్టర్లలో రంధ్రాలు మామూలుగా 0.1 లేదా 0.2 మైక్రాన్లు ఉంటాయి. బాక్టీరియా, జియార్డియా, క్రిప్టో వాటిలో దూరలేవు. హెపటైటిస్-ఎ, నోరోవైరస్‌లు మాత్రం 0.03 మైక్రాన్ల ప్రాంతంలో ఉంటాయి, సులువుగా దాటిపోతాయి. ఈ వైరస్‌లు ఎక్కువగా మనుషుల మలం నుంచే నీళ్లలోకి వస్తాయి. మనిషి జాడ లేని ఎత్తున ఫిల్టర్ ఒక్కటీ సరిపోవచ్చు. పైన ఊరుందనో, వందలమంది దిగే క్యాంపు ఉందనో తెలిస్తే సరిపోదు.

క్లోరిన్ సంగతి దీనికి సరిగ్గా ఎదురు. వైరస్‌లను, బాక్టీరియాను బాగా చంపుతుంది కానీ క్రిప్టోను దాదాపు ఏమీ చేయలేదు. 1993లో అమెరికాలోని మిల్వాకీ నగరంలో క్లోరిన్ వేసిన కుళాయి నీళ్లు తాగి సుమారు 4 లక్షల మంది జబ్బు పడ్డారు, కారణం క్రిప్టోనే. క్లోరిన్ డయాక్సైడ్ మాత్రలు దాన్ని చంపగలవు, కానీ 4 గంటలు ఆగాలి. మాత్ర వేసి సీసా రెండుసార్లు ఊపి తాగేసేవాళ్లను చాలామందిని చూశాను. మామూలు క్లోరిన్‌కైనా అరగంట ఇవ్వాలి, నీళ్లు మంచులా ఉంటే ఇంకా ఎక్కువ. అయోడిన్ కూడా క్రిప్టో మీద పనిచేయదు. గర్భిణులు, థైరాయిడ్ ఉన్నవాళ్లు దాని జోలికి పోకూడదు.

అందుకే జనం తిరిగే దారుల్లో నేను ముందు ఫిల్టర్ చేసి తర్వాత క్లోరిన్ వేస్తాను. ఫిల్టర్‌కు చిక్కనివి క్లోరిన్‌కు చస్తాయి, క్లోరిన్‌కు చావనివి ఫిల్టర్‌కు చిక్కుతాయి. ఇంకో మాట, తడి ఫిల్టర్‌ను రాత్రి గడ్డకట్టనిస్తే లోపలి గొట్టాలు చిట్లిపోతాయి. పైకి ఏమీ తెలియదు, నీళ్లు మామూలుగానే వస్తుంటాయి. చలి ప్రదేశాల్లో దాన్ని స్లీపింగ్ బ్యాగులో పక్కనే పెట్టుకుని పడుకోవాలి.

“20 నిమిషాలు మరిగించండి.”

గ్యాస్ దండగ. అమెరికా వ్యాధి నియంత్రణ సంస్థ సీడీసీ చెప్పేది ఒక్క నిమిషం. 2,000 మీటర్లు దాటితే 3 నిమిషాలు. అదీ సలసల మరగడం మొదలయ్యాక లెక్క. దీనికి పూర్తి వ్యతిరేకంగా మరో పుకారు కూడా ఉంది: ఎత్తులో నీళ్లు తక్కువ వేడికే మరుగుతాయి కాబట్టి మరిగించినా లాభం లేదని. 3,000 మీటర్ల దగ్గర నీళ్లు సుమారు 90 డిగ్రీలకు, 5,000 దగ్గర 83 డిగ్రీలకు మరుగుతాయి. పాలను పాశ్చరైజ్ చేసేది 72 డిగ్రీల దగ్గర 15 సెకన్లే. ఆ లెక్కన 83 తక్కువేం కాదు. వైరస్, బాక్టీరియా, క్రిప్టో అని తేడా లేకుండా అన్నిటికీ చెల్లే మందు మరిగించడమే. చల్లారేదాకా ఆగడమే దాంతో చిక్కు.

“పదేళ్లుగా తాగుతున్నాం, ఏం కాలేదు.”

ఒకసారి ముగ్గురం ఒకే వాగులో ముంచుకుని తాగాం. నేను ఇంటికొచ్చిన తొమ్మిదో రోజు మొదలైంది: కడుపు ఉబ్బరం, నీళ్ల విరేచనాలు, కుళ్లిన కోడిగుడ్డు వాసన వేసే తేన్పులు. ముందురోజు బయట తిన్న భోజనాన్ని తిట్టుకున్నాను. డాక్టరు మాత్రం “గత మూడు వారాల్లో ఎక్కడెక్కడ తిరిగారు?” అని అడిగారు. జియార్డియా బయటపడటానికి మామూలుగా ఒకటి నుంచి మూడు వారాలు పడుతుందని, అప్పటికి చాలామంది వాగును మర్చిపోతారని ఆయన చెప్పాకే నాకు తెలిసింది. మిగతా ఇద్దరికీ ఏమీ కాలేదు. సోకినా లక్షణాలు కనపడనివాళ్లు చాలామందే ఉంటారు. ఆ ఇద్దరిలో ఒకడు ఈ ఏడాది నాకు ఈ మెసేజ్ పంపాడు.

అమెరికాలోని అప్పలాచియన్ ట్రైల్ అనే పొడవాటి కాలిబాట మీద వారం, అంతకు మించి నడిచినవాళ్లపై చేసిన అధ్యయనం ఒకటి 2003లో వచ్చింది. సగానికి పైగా మందికి విరేచనాలయ్యాయి. శుద్ధి చేయని నీళ్లు తరచూ తాగినవాళ్లలో అవి బాగా ఎక్కువ. చేతులు, గిన్నెలు శుభ్రంగా ఉంచుకున్నవాళ్లలో తక్కువ. రెండోది గమనించండి. మలవిసర్జన తర్వాత సబ్బుతో చేయి కడగని మిత్రుడు పంచిపెట్టే వేరుశనగల నుంచి మిమ్మల్ని ఏ ఫిల్టరూ కాపాడలేదు.

ఇక ఆ మెసేజ్‌లోని నిజం. అమెరికాలోని సియెర్రా నెవాడా పర్వతాల్లో ఏళ్ల తరబడి నీళ్లు పరీక్షించిన రాబర్ట్ డెర్లెట్ బృందానికి పశువులు మేసే చోట్ల కోలిఫాం బాక్టీరియా (నీళ్లలో మలం కలిసిందనడానికి గుర్తుగా చూసేది) ఎక్కువగా, మనుషులు అరుదుగా వెళ్లే చోట చాలా తక్కువగా కనిపించింది. అంటే ప్రతి వాగూ విషం కాదు. నేల నుంచి అప్పుడే ఉబికే ఊట దగ్గర, పైన ఎవరూ లేరని తెలిసిన చోట ప్రమాదం నిజంగానే తక్కువ. నీటి రంగు కంటే, అది వచ్చే దారిలో ఎవరెవరున్నారన్నది ఎక్కువ చెబుతుంది. పైకి ఎక్కి చూసే ఓపిక లేనప్పుడు శుద్ధి చేసుకోవడమే తేలిక.

ఇప్పటిదాకా చెప్పిన ఏ శుద్ధికీ లొంగని నీళ్లు కూడా కొన్ని ఉన్నాయి, వాటి గురించి ఆ మెసేజ్‌లో ఒక్క ముక్క లేదు. నిలిచిన నీటి మీద పచ్చరంగు పోసినట్టు కనిపించే నీలి ఆకుపచ్చ నాచు తెట్టులో విషం ఉండొచ్చు, మరిగించినా అది పోదు. పాత గని తవ్వకాల కింద పారే నీళ్లలో ఆర్సెనిక్ లాంటివి ఉంటే మరిగించే కొద్దీ నీరు ఆవిరై అవి చిక్కబడతాయి. అలాంటి చోట సీసా మూత తీయకుండా తర్వాతి వాగు దాకా నడవండి.