2029 తర్వాత సంగతేంటి?

డిసెంబరు సేవా కార్యక్రమాల ఆఖరి రోజు విశాఖ బీచ్ రోడ్డు హోటల్లో మన ప్రవాసాంధ్రుల సంఘం పెట్టిన పెట్టుబడుల ముఖాముఖికి వచ్చినవాళ్లకి ఈ సంగతి గుర్తుండే ఉంటుంది. జ్యోతి ప్రజ్వలన, శాలువాలు, జ్ఞాపికలు, ప్రసంగాలు అన్నీ అయ్యాక మన రెండో తరం కుర్రాడొకడు లేచి, "ఈ ఒప్పందాలు 2029 తర్వాత కూడా ఉంటాయాండీ?" అని అడిగాడు. హాలంతా గొల్లున నవ్వింది. వేదిక మీది పెద్దలూ నవ్వేశారు. జవాబు చెప్పకుండానే వందన సమర్పణ మొదలైపోయింది.

నొచ్చుకోవాల్సింది ఆ నవ్వుకే. 2029లో రాష్ట్రంలో ఎన్నికలు, ప్రభుత్వం మారితే ఒప్పందం నిలుస్తుందా అన్నదే ఆ కుర్రాడి ప్రశ్న. ఆంధ్రప్రదేశ్‌లో ప్రాజెక్టుకి అప్పివ్వబోయే ఏ విదేశీ బ్యాంకైనా ముందు అడిగే ప్రశ్న అదే. ఎందుకు అడుగుతుందో మనకి తెలియదా?

2019 జూలై 1న వచ్చిన జీవో 63 తీయండి. డిస్కంలు (కరెంటు పంపిణీ సంస్థలు) పవన, సౌర విద్యుత్ కంపెనీలతో అప్పటికే చేసుకున్న పీపీఏలను, అంటే విద్యుత్ కొనుగోలు ఒప్పందాలను, తిరగదోడడానికి కొత్తగా వచ్చిన ప్రభుత్వం ఉన్నతస్థాయి సంప్రదింపుల కమిటీ వేసింది. పవన విద్యుత్తు ధర యూనిట్ 4.84 రూపాయల దాకా ఉండగా 2.43కి దిగమన్నారు, సౌర విద్యుత్తును 2.44కి. ఈ అంకెలు గాల్లోంచి ఊడిపడినవి కావు. 2017లో రాజస్థాన్ భడ్లా సౌర వేలంలో 2.44, ఆ ఏడాది చివర్లో గుజరాత్ పవన వేలంలో 2.43 పలికాయి. బయట సగం ధరకి దొరుకుతుంటే మనమెందుకు ఇంత పోయాలన్న వాదనలో న్యాయం లేకపోలేదు. డిస్కంలు నష్టాల్లో ఉన్న మాటా నిజమే.

కానీ ఒక మెగావాట్ గాలిమర లెక్క వేసి చూడండి. గుండు అంకెలే తీసుకుందాం. సామర్థ్యంలో 25 శాతం పనిచేస్తే ఏడాదికి 21.9 లక్షల యూనిట్లు వస్తాయి. 4.84 చొప్పున రాబడి కోటీ 6 లక్షలు. కట్టడానికి 6 కోట్లయిందనుకుంటే అందులో 70 శాతం, అంటే 4.20 కోట్లు, బ్యాంకు అప్పు. 10 శాతం వడ్డీకి 15 ఏళ్లలో తీర్చాలంటే ఏడాది కిస్తీ సుమారు 55 లక్షలు. ధర 2.43 అయితే మొత్తం రాబడే 53 లక్షలు. మరమ్మతులు, జీతాలు, బీమా లెక్కలోకి రాకముందే కిస్తీకి చాలదు. 4.84 ధర చూసుకునే అప్పిచ్చిన బ్యాంకు ఖాతాని మొండిబకాయిల్లో రాసుకోక ఏం చేస్తుంది? 2017 వేలంలో పాల్గొన్నవాడు అప్పటి యంత్రాల ధరలు, అప్పటి వడ్డీలు చూసుకుని పాట పాడాడు. అంతకుముందు కట్టేసినవాడి అప్పు మాత్రం పాత ధరకి తెచ్చిందే.

కబురు డిస్కం ఆఫీసు దగ్గర ఆగలేదు. కేంద్ర విద్యుత్ మంత్రి ఆర్.కె.సింగ్ రాష్ట్రానికి ఉత్తరాలు రాశారు. జపాన్ రాయబారి కెంజి హిరమత్సు ఏకంగా ముఖ్యమంత్రికే రాశారు. విద్యుత్ చట్టం ప్రకారం ధర తేల్చాల్సింది నియంత్రణ మండలి. ఫలానా ఒప్పందంలో అవినీతి ఉందనుకుంటే ఆ ఒక్క ఫైలు, ఆధారాలు పట్టుకుని అక్కడికి వెళ్లొచ్చు. కొత్తవి వేలంలోనే కొంటామని చెప్పొచ్చు. అందరినీ ఒకే గాటన కట్టేసరికి నిజాయితీగా కట్టినవాడూ కోర్టు మెట్లెక్కాడు. 2022 మార్చిలో హైకోర్టు పీపీఏలో ఉన్న ధరే చెల్లించాలని తేల్చింది. మూడేళ్ల తగాదాతో సాధించిందేమిటంటే, ఆంధ్రా డిస్కం సంతకం అనగానే ఒకటికి రెండుసార్లు చూసుకోవడం.

విశాఖవాళ్లకి గల్ఫ్ షాపింగ్ మాళ్ల సంస్థ లూలూ సంగతి కొత్తగా చెప్పక్కర్లేదు. 2018లో కన్వెన్షన్ సెంటర్‌కి శంకుస్థాపన, 2019లో భూమి కేటాయింపు రద్దు, ఆంధ్రప్రదేశ్‌లో ఇక కొత్తగా పెట్టుబడి పెట్టబోమని కంపెనీ బహిరంగ ప్రకటన. 2025లో హార్బర్ పార్క్ దగ్గర మళ్లీ భూమి. గల్ఫ్‌లో ఉన్న మనవాళ్లు ఆ సంస్థ పేరు రోజూ చూస్తారు, వాళ్లనడిగితే ఆ ప్రకటన ఎంత దూరం పాకిందో చెబుతారు. 2019 నవంబరులోనే అమరావతి నుంచి సింగపూర్ కన్సార్షియం (రాజధాని నిర్మాణానికి వచ్చిన కంపెనీల కూటమి) కూడా సర్దుకుంది.

మరి చేసుకున్న ఒప్పందాన్ని రద్దు చేయడం ఎప్పుడూ తప్పేనా? అలా అనలేం. మన ఏజెన్సీ బాక్సైట్ (అల్యూమినియం ముడి ఖనిజం) కథ సరిగ్గా దీనికి తిరగేసి ఉంటుంది. 2007లో అప్పటి ప్రభుత్వం యూఏఈలోని రస్ అల్ ఖైమా ఎమిరేట్‌తో ఒప్పందం చేసుకుంది. జెర్రెల కొండల్లో రాష్ట్ర ఖనిజాభివృద్ధి సంస్థ ఏపీఎండీసీ తవ్వి ఇస్తుంది, మాకవరపాలెంలో అన్‌రాక్ కంపెనీ శుద్ధి చేస్తుంది. షెడ్యూల్డ్ ప్రాంతంలో ప్రైవేటుకి గనుల లీజు కుదరదని 1997లో సమత కేసులో సుప్రీంకోర్టు చెప్పింది కాబట్టి ప్రభుత్వ సంస్థని ముందు పెట్టారు. గ్రామసభల మాట మాత్రం వినలేదు. ఫ్యాక్టరీ లేచింది, ముడిసరుకు రాలేదు. 2015 నవంబరులో 1,212 హెక్టార్ల అటవీ భూమికి జీవో 97 ఇచ్చి, గిరిజనుల ఆగ్రహం చూసి పక్కన పెట్టారు. 2016లో సరఫరా ఒప్పందమే రద్దయింది. రస్ అల్ ఖైమా వైపువాళ్లు భారత్-యూఏఈ పెట్టుబడుల ఒడంబడిక కింద మధ్యవర్తిత్వానికెళ్లి దాదాపు 4.47 కోట్ల డాలర్లు అడిగారు. ఆ వివాదంలో ప్రతివాది భారతదేశం. జీవో రాష్ట్రానిది, బోనులో నిలబడింది దేశం.

ఆ రద్దు న్యాయమేనని నా అభిప్రాయం. కొండలు పోగొట్టుకోవాల్సింది గిరిజనులు, వాళ్లని అడక్కుండా ఇచ్చిన మాట అది. పరువు పోయింది 2016లో అనుకుంటాం గానీ, తన చేతిలో లేని ఖనిజాన్ని ఇస్తానన్న 2007లోనే పోయింది.

ఇప్పటి సంగతికొద్దాం. 2025 అక్టోబరు 14న గూగుల్ విశాఖలో 1,500 కోట్ల డాలర్ల ఏఐ హబ్ ప్రకటించింది. ఆ ఖర్చు 2026 నుంచి 2030 దాకా. మధ్యలోనే 2029 ఎన్నికలు. అలాంటి హబ్‌లోని ఒక గిగావాట్ డేటా సెంటర్ నిండుగా నడిస్తే రోజుకి 2.4 కోట్ల యూనిట్లు మింగుతుంది. దానికి పచ్చ కరెంటు కావాలంటే గాలిమరలు, సౌర పలకలు పెట్టేవాళ్లు మళ్లీ ఈ రాష్ట్రంలోనే పాతికేళ్ల ఒప్పందాల మీద సంతకాలు చేయాలి. 2019లో దెబ్బతిన్న జాతే అది. ఈసారి వాళ్లు ఊరికే చేయరు. చెల్లింపుకి లెటర్ ఆఫ్ క్రెడిట్ (బ్యాంకు హామీపత్రం), డబ్బు పక్కకి తీసి ఉంచే ఎస్క్రో ఖాతా అడుగుతారు, రిస్కు పేరుతో ధరలో నాలుగు పైసలు కలుపుకుంటారు. ఆ పైసలు చివరికి గాజువాకలో, మధురవాడలో కరెంటు బిల్లు కట్టేవాళ్ల మీదే పడతాయి.

99 పైసల భూమి మాటేమిటి? టీసీఎస్‌కి రుషికొండ ఐటీ హిల్ మీద 21.16 ఎకరాలు ఆ ధరకిచ్చారు. ఉద్యోగాల కోసం చౌకగా ఇవ్వడం తప్పని అనను. కానీ ఏ సంస్థకి, ఏ అర్హతకి, ఎంతకిస్తారో ముందే ప్రకటించి, లీజు దస్తావేజులో ఎన్నాళ్లలో ఎన్ని ఉద్యోగాలో, తప్పితే సరిదిద్దుకోవడానికి ఎన్ని నెలలో, వివాదం ఎక్కడ తేలాలో రాసుకుంటే, రేపు వచ్చే ప్రభుత్వం ఆ షరతు తప్పినవాడినే పట్టుకోగలదు. రాసుకోకపోతే మొత్తం కేటాయింపే కుంభకోణం అయిపోతుంది. కేటాయించినవాళ్లే రద్దు చేసేవాళ్ల చేతికి కత్తి అందించినట్టు.

ఇక మన సంఘాల తీరు. ఎవరు అధికారంలో ఉంటే వాళ్లకి శాలువా కప్పడం అతిథి మర్యాద, దాన్ని తప్పుపట్టను. రెండు పార్టీల ఎన్నారై విభాగాలూ మన కార్యవర్గాల్లోనే ఉన్నాయి, ప్యానెళ్ల గొడవలు అందరికీ తెలిసినవే. ఆ బలగాన్ని ఒక్కసారి పనికొచ్చేలా వాడమని నా మనవి. వచ్చే మహాసభల బిజినెస్ ఫోరంకి అధికార, ప్రతిపక్షాలు రెండింటినీ పిలవండి. రిజిస్టరైన ఒప్పందాన్ని కోర్టు ద్వారానో నియంత్రణ మండలి ద్వారానో తప్ప ముట్టుకోబోమని ఒకే కాగితం మీద ఇద్దరి చేతా సంతకం పెట్టించండి. పెట్టనన్నవాళ్ల పేరు ఈ పత్రికలో వేయండి.

ఎంఓయూల (అవగాహన ఒప్పందాల) ఫొటోలు వేయడం కూడా కొంచెం తగ్గించుకుందాం. 2023 మార్చిలో విశాఖ సదస్సులో 13 లక్షల కోట్ల ఎంఓయూలన్నారు. ఎంఓయూ కాగితానికి కట్టుబడి తీరాలని ఎవరిమీదా లేదు. మంత్రివర్గ ఆమోదం, జీవో, భూమి రిజిస్ట్రేషన్, బ్యాంకు తొలి విడత విడుదల, అప్పుడు గానీ పునాది పడదు. సంపాదకులు ఒప్పుకుంటే ప్రతి ఉగాది సంచికలో ఒక పేజీ దీనికి కేటాయించాలి. విశాఖ ప్రాజెక్టుల్లో ఏది ఏ మెట్టు దగ్గరుందో వేయాలి. రద్దయినవాటికి జీవో నంబరూ, కారణమూ కూడా వేయాలి, ఏ పార్టీ హయాంలోదైనా సరే.