కాళేశ్వరరావు మార్కెట్ మీద కాకమ్మ కథలు

విజయవాడ వన్‌టౌన్‌లోని కాళేశ్వరరావు మార్కెట్‌కు వెళ్లవద్దంటూ ఒక వాట్సాప్ సందేశం వారం రోజులుగా మా బంధువుల మధ్య చక్కర్లు కొడుతోంది. పిన్ని పంపింది, బావ పంపాడు, ఏనాడూ సంచీ పట్టుకుని బజారుకు వెళ్లని మా తమ్ముడు కూడా పంపాడు. ‘అది కాళేశ్వరం గుడి పేరున వెలిసిన సంత, బస్తాల లెక్కన తప్ప అమ్మరు, కారమంతా రంగే, మామిడిపండ్లన్నీ విషమే, కాటాలన్నీ మోసమే’ అని దాని సారాంశం. పాతికేళ్లుగా అక్కడ కూరగాయలు కొంటున్నదాన్ని, ఊరుకోలేకపోయాను.

పేరుకు గుడితో సంబంధం లేదు. మార్కెట్‌కు పెట్టింది స్వాతంత్ర్య సమరయోధుడు అయ్యదేవర కాళేశ్వరరావు పేరు. ఆయన 1956లో ఏర్పడిన ఆంధ్రప్రదేశ్ శాసనసభకు తొలి స్పీకర్. బస్తాల మాటా అంతే. బస్తాలు కావలసినవారికి గొల్లపూడి హోల్‌సేల్ మార్కెట్ ఉంది. ఇక్కడ నేను పావుకిలో చిక్కుడుకాయలు కొన్న రోజులు లెక్కలేనన్ని.

కారం దగ్గర మాత్రం కాస్త ఆగాలి. ‘నూనెలో వేస్తే ఎర్రగా దిగింది, రంగు కలిపారనడానికి అదే రుజువు’ అని రాశారు. రాసినవారు ఆవకాయ జాడీ మూత ఎప్పుడూ తీసి చూడలేదా? మిరపకాయలో సహజంగా ఉండే ఎరుపు నూనెలో కరుగుతుంది, అందుకే ఊట అంత ఎర్రగా తేలుతుంది. ఎరుపు ఎక్కువైతే ఘాటు ఎక్కువన్నదీ అపోహే. రంగునిచ్చే పదార్థం వేరు, మంట పుట్టించే కాప్సైసిన్ వేరు. ముడతలు పడిన బ్యాడిగి కాయ నిగనిగలాడే ఎరుపు, కానీ కారం తక్కువ. సన్నగా ఉండే తేజా కాయను తుంచి గింజ నాలుక మీద పెట్టుకుంటే చెవుల్లోంచి పొగ వస్తుంది. అందుకే మా ఇంట్లో రెండూ కలిపి మరపట్టిస్తాం. అనుమానముంటే గ్లాసు నీళ్ల మీద చిటికెడు కారం చల్లండి. నీటిలో కరిగే రంగు కలిసి ఉంటే చారలుగా కిందికి జారుతుంది. నూనెలో మాత్రమే కరిగే కల్తీ రంగులు దీనికి దొరకవు. కాబట్టి నేను కాయలే కొంటాను.

మామిడికి వస్తే, గ్యాసుతో మగ్గించిన ప్రతి పండూ విషమనడం తప్పు. కాల్షియం కార్బైడ్‌తో మగ్గించడం నిషిద్ధం, దొంగచాటుగా వాడేవారు లేరని నేననను. ఇథిలీన్ సంగతి వేరు. పండు తనంతట తానే వదిలే వాయువు అది. నియమిత మోతాదులో, అంటే 100 పీపీఎం (గాలిలో పది లక్షల భాగాలకు వంద భాగాలు) వరకు, వాడుకకు అనుమతి ఉంది. ఈ రెంటినీ ఒకే గాటన కట్టి పిల్లల నోటి దగ్గర రసాలు లాగేయడం అన్యాయం.

ఇక కాటాలు. ‘అన్నీ’ అన్న మాటే అబద్ధం, అయితే అసలు మోసమే లేదని నేనూ చెప్పలేను. ఒకసారి అరకిలో అల్లంలో వంద గ్రాములు తగ్గింది. మర్నాడు వెళ్లి అడిగితే ఆ మనిషి మారుమాట లేకుండా గుప్పెడు అల్లం సంచిలో పడేశాడు. అప్పటినుంచి తూచే ముందు ఖాళీ కాటా మీద సున్నా ఉందో లేదో చూస్తాను, తూనికల శాఖ ముద్ర కోసం వెతుకుతాను. కొసరు మాత్రం అడిగి మరీ వేయించుకుంటాను.