సవరణ: ఫోటోవాయిస్ చికిత్స కాదు, పరిశోధన పద్ధతి

మానసిక ఆరోగ్య పరిశోధనలో రోగుల భాగస్వామ్యం గురించిన గత వ్యాసంలో ఫోటోవాయిస్‌ను ‘కళా చికిత్సలో ఒక రకం’ అని పేర్కొన్నాం. ఆ వాక్యాన్ని ‘రోగులే కెమెరా పట్టి తమ జీవితాన్ని నమోదు చేసే పరిశోధన పద్ధతి’ అని సవరించి చదువుకోగలరు. పరిశోధకులు కరోలిన్ వాంగ్, మేరీ ఆన్ బరిస్ 1990లలో చైనాలోని యునాన్ గ్రామీణ మహిళలతో కలిసి పనిచేస్తూ రూపొందించిన ఈ పద్ధతి మానసిక ఆరోగ్య రంగంలోకి తరువాత వచ్చింది.

కళా చికిత్సలో బొమ్మ గీసిన వ్యక్తికి కలిగే మేలే ప్రధానం. ఫోటోవాయిస్‌లో మాత్రం ఏ ఫోటోను చర్చకు పెట్టాలో, దాని అర్థమేమిటో రోగులే చెబుతారు. ఆ చర్చలో తేలిన విషయాలను విధాన నిర్ణేతల ముందుంచడం కూడా పద్ధతిలో భాగమే. ఫోటోలు మాత్రం రోగుల చేత తీయించి, విశ్లేషణంతా పరిశోధకులే చేసుకుంటే దాన్ని భాగస్వామ్యం అనడం కష్టం (ఆ ప్రలోభం చిన్నదేమీ కాదు).

అదే వ్యాసంలోని ‘ఒక సమ్మతి పత్రం చాలు’ అన్న మాటకూ వివరణ అవసరం. అధ్యయనంలో పాల్గొనేందుకు ఇచ్చే సమ్మతి వేరు, ఫోటోను ప్రదర్శించేందుకు ఇచ్చే అనుమతి వేరు. ఫోటోలో ఇతరుల ముఖాలు గుర్తుపట్టేలా ఉంటే వారినీ అడగాలి. అనారోగ్యం తీవ్రంగా ఉన్నప్పుడు తీసిన ఫోటోను కోలుకున్నాక బయటపెట్టడం ఇష్టపడనివారు ఉండవచ్చు కనుక, ప్రదర్శనకు ముందు మరోసారి అడగడం అవసరం.