విప్పని గొడుగు

1880లలో లండన్‌లో ఏడాదికి 120 పౌండ్లు తెచ్చుకునే గుమాస్తాకున్న టెన్షన్ రేవు కూలీకి లేదు. కూలీ చిరిగిన చొక్కా వేసుకుని తిరిగినా అడిగేవాడు లేడు. గుమాస్తా మాత్రం అచ్చం తన యజమానిలాగే నల్ల కోటు, పట్టు టోపీ, తెల్ల కాలరుతో ఆఫీసుకు రావాలి. ఇంట్లో ఈగల మోత, బయట పల్లకీల మోత.

కేంబర్‌వెల్‌లో కాపురముండే ఒక గుమాస్తానే తీసుకోండి. ఏ ఆదాయానికి ఎంతమంది నౌకర్లుండాలో ఇసబెల్లా బీటన్ అనే ఆవిడ 1861లోనే పద్దు రాసిపెట్టింది. అందులో అట్టడుగు మెట్టు 150, 200 పౌండ్ల వాళ్లది. వాళ్లకు అన్ని పనులకూ కలిపి ఒకే ఒక్క పనిపిల్ల. 120 వాళ్ల ఊసే లేదు. అయినా మనవాడి భార్య పనిపిల్లను పెట్టింది. ఎవరైనా వస్తే ఇంటావిడే వెళ్లి తలుపు తీస్తే పరువేం కావాలి? ఆ పిల్లకు ఏడాదికి 9 పౌండ్లు. అది పుట్టించడానికి ఇంట్లో మాంసం ఆదివారానికే పరిమితమైంది. 1876 నుంచి 150 పౌండ్లలోపు ఆదాయానికి పన్ను కూడా లేదు. సంతోషమే, కానీ పైకి అనకూడదు. జీతమెంతో తెలిసిపోతుంది.

ఇక ఒంటి మీది వైభవం. చొక్కాలా కనిపించేది చొక్కా కాదు, గంజి పెట్టి బిరుసెక్కించిన ఛాతీ ముక్క మాత్రమే. కాలరు కాగితంది. కోటు కుట్ల దగ్గర రంగు వెలిస్తే సిరా పూసేవాడు. సిరా ఎలాగూ ఆఫీసుదే.

అన్నిటికీ మించి గొడుగు. 1852లో శామ్యూల్ ఫాక్స్ ఉక్కు ఊచల గొడుగు తెచ్చాక, దాన్ని చేతికర్రలా సన్నగా చుట్టి పట్టుకోవడం పెద్దమనిషి లక్షణమైంది. మనవాడి దగ్గరా ఒకటుంది, అసలైన పట్టుది. చుట్టి ఉన్నంతసేపూ దానికి వంక పెట్టలేం. విప్పితే రెండు పక్కల బట్ట నిలువునా చీలికలు. అందుకే విప్పడు.

ఒక సాయంత్రం లండన్ బ్రిడ్జి మీద నడుస్తుండగా వాన పట్టుకుంది. వెనక నుంచి హెడ్ గుమాస్తా గొంతు.

"ఏమయ్యా, చేతిలో గొడుగు పెట్టుకుని తడుస్తున్నావేం?"

"చినుకులేగా సార్, ఆగిపోతాయి."

థేమ్స్ అవతలి ఒడ్డు కనిపించడం లేదు.

"నాది రిపేరుకిచ్చాను. విప్పు, ఇద్దరం వెళ్దాం."

"ఈ దేశంలో వానకు గొడుగు విప్పడం మొదలెడితే మళ్లీ ఎప్పుడు మూస్తాం సార్!"

ఈ వేదాంతం నడుస్తుండగానే కాగితం కాలరు నాని మెడకు అంటుకుపోయింది. భుజాల మీది సిరా చేతులమ్మట దిగి కఫ్‌ల మీద పద్దులు రాయడం మొదలెట్టింది. హెడ్ గుమాస్తాకు తన పట్టు టోపీ బెంగ తనది. ఇక ఆగలేక గొడుగు లాక్కుని ఫట్‌మని విప్పాడు. చీలికలు గాలికి రెపరెపలాడాయి. ఇద్దరూ తలలెత్తి చూశారు. గొడుగులోంచి ఆకాశం ధారాళంగా కనిపించింది.

మనవాడికి ఉద్యోగం పోయినంత పనైంది. ఎనభై మంది గుమాస్తాలున్న ఆఫీసులో రేపు పొద్దుటికల్లా ఈ కబురు ఎన్ని చుట్లు తిరుగుతుందో!

హెడ్ గుమాస్తా మాట్లాడలేదు. గొడుగు మూసి, నీళ్లు దులిపి, మడతలు ఒక్కొక్కటే వేళ్లతో సవరించాడు.

"చుట్టడం తెలియలేదయ్యా నీకు. చిరిగిన మడతలు ముందు లోపలికి పోవాలి. బాగున్నది ఆఖర్న పైకి రావాలి. ఇదిగో, ఇలా."

గొడుగు కొత్తదానిలా తయారైంది.

"నాది ఇలా చుట్టే తాకట్టు కొట్టుకు పట్టుకెళ్లాను. విప్పి చూడకుండానే మూడు షిల్లింగులిచ్చాడు."