హుసేన్ షాపుకు లైనక్స్ పనికొస్తుందా?

కర్నూలు కలెక్టరాఫీసు దగ్గర్లో ఒక సందు ఊహించుకోండి. సోమవారం, అర్జీల రోజు. పత్తికొండ నుంచి, ఆలూరు నుంచి బస్సు దిగినవాళ్లు పొద్దున్నే జిరాక్స్ షాపు ముందు నిలబడతారు. షాపు హుసేన్‌ది: రెండు కంప్యూటర్లు, ఒక ప్రింటరు, ఒక జిరాక్స్ మిషను. ఎదుటి పక్షం వాణి. బెంగళూరు కంపెనీకి ఇంటి నుంచే పనిచేసే ఇంజనీరు.

మనుషులు నా కల్పన. తగువు మాత్రం నిజమైనదే. 2025 అక్టోబర్ 14న మైక్రోసాఫ్ట్ విండోస్ 10కి సపోర్ట్ ఆపేసింది. పాత మిషన్లలో చాలావాటికి విండోస్ 11 ఎక్కదు, టీపీఎం 2.0 అనే భద్రతా చిప్ కావాలంటుంది. కొత్తవి కొనాలా, విండోస్ బదులు ఉచితంగా దొరికే లైనక్స్ వేసుకోవాలా, ఏమీ పట్టనట్టు కూర్చోవాలా? హుసేన్‌ది మూడో పక్షం. నిజానికి మన ఊళ్లలో ఎక్కువమందిది అదే.

వాణి: హుసేనన్నా, అప్‌డేట్లు రాని మిషన్‌లో జనం ఆధార్ కార్డులు తెరుస్తున్నారు మీరు. ఒకసారి ఆలోచించండి.

హుసేన్: అప్‌డేట్లు ఆగాయని ఇక్కడ ఎవరూ ఏడవలేదమ్మా. వస్తున్నప్పుడే నాకు నరకం. సోమవారం పది గంటలకు జనం గుమిగూడి ఉంటే, 'కంప్యూటర్ ఆఫ్ చేయకండి' అని తెర మీద ఆ చక్రం తిరుగుతూ ఉంటుంది. అయినా ఇంకో ఏడాది ఇస్తారంట కదా, యూట్యూబ్‌లో చూశా.

వాణి: ఇస్తారు, 2026 అక్టోబర్ దాకా. మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో లాగిన్ అయి మీ సెట్టింగ్స్ వాళ్ల క్లౌడ్‌లో దాచుకోవడానికి ఒప్పుకుంటే ఉచితం. లేదంటే 30 డాలర్లు. లైనక్స్‌లో ఒక రకం, మింట్ అని, అది వేస్తే అకౌంటూ అడగదు, డబ్బూ అడగదు.

హుసేన్: సరే. నా ప్రింటరు కెనాన్ ఎల్‌బీపీ 2900. అది నడుస్తుందా? ముందు అది చెప్పు.

(వాణి వెంటనే మాట్లాడలేదు. ఆ మోడల్‌ను లైనక్స్‌కు తగిలించాలని చూసినవాళ్లకు ఎందుకో తెలుసు.)

వాణి: నడుస్తుంది, కొంచెం తిప్పలు పడితే. దానికి కాప్ట్ అని కంపెనీ సొంత పద్ధతి ఒకటుంది. ప్రింటరుతో మాట్లాడటానికి వాళ్లిచ్చిన లైనక్స్ ప్రోగ్రాం, డ్రైవర్ అంటారు, పాతబడింది. బయటివాళ్లు తంటాలు పడి విడిగా ఒకటి రాశారు.

హుసేన్: చూశావా! మొదటి మెట్టు మీదే బోర్లా పడ్డావు.

వాణి: పడ్డాను కానీ ఎవరి వల్ల? ఆ ప్రింటరుతో ఎలా మాట్లాడాలో కంపెనీ బయట పెట్టి ఉంటే ఈపాటికి డ్రైవర్ ఎవరో ఒకరు చక్కగా రాసిచ్చేవారు. మీకు తెలుసో లేదో, ప్రోగ్రాం రాసిన కోడ్ అందరికీ తెరిచి పెట్టాలనే ఈ ఉద్యమం మొదలవడానికి ఒక కారణం కూడా ప్రింటరే, అదీ జిరాక్స్ కంపెనీది. అమెరికాలో ఎంఐటీ యూనివర్సిటీ ల్యాబ్‌లో రిచర్డ్ స్టాల్‌మన్ అనే ఆయన, పాత ప్రింటర్‌లో కాగితం ఇరుక్కుంటే ప్రింట్ కోసం ఎదురుచూసేవాళ్లకు కబురు వెళ్లేలా ప్రోగ్రాం మార్చుకున్నాడు. 1980 ప్రాంతంలో కొత్త జిరాక్స్ లేజర్ ప్రింటర్ వచ్చింది, దాని కోడ్ ఇవ్వలేదు. కోడ్ ఉన్న ఇంకో యూనివర్సిటీ మనిషిని అడిగితే, ఎవరికీ ఇవ్వనని సంతకం పెట్టానన్నాడు. 1983లో ఎవరైనా వాడుకుని మార్చుకోగల సాఫ్ట్‌వేర్ కోసం ఆయన గ్నూ ప్రాజెక్టు ప్రకటించడం వెనక ఆ కడుపుమంట కూడా ఉంది.

హుసేన్: పేపర్ జామ్ కోసం ఉద్యమమా! నేనైతే వెనక మూత తీసి లాగేస్తా. (నవ్వి) లేదమ్మా, ఆయన బాధ అర్థమైంది. కానీ ఆయనకు కోడ్ చదవడం వచ్చు. నాకు రాదు, అర్జీ పట్టుకొచ్చిన రైతుకూ రాదు. తెరిచి పెడితే మాకేం లాభం? చదవగలిగిన వాళ్లయినా చదివారా? మా పిల్లోడు ఇంజనీరింగ్‌లో చెప్పాడు, హార్ట్‌బ్లీడ్ అంట. సమాచారం దారిలో ఎవరూ చదవకుండా బ్యాంకుల వెబ్‌సైట్లలోనూ వాడే ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ అనే ప్రోగ్రాంలో 2012లో పడిన తప్పు 2014 దాకా ఎవరికీ కనపడలేదు. రెండేళ్లు తలుపు బార్లా తెరిచే ఉంది, తొంగి చూసినోడు లేడు.

వాణి: అది కాదనను. దానికి కారణం కూడా చెబుతా. సగం ఇంటర్నెట్ ఆధారపడిన ఆ ప్రాజెక్టుకు అప్పట్లో ఏడాదికి వచ్చే విరాళాలు సుమారు 2,000 డాలర్లు. పూర్తిగా దాని మీదే పనిచేసేవాడు దాదాపు ఒక్కడే.

హుసేన్: ఇదీ నేనడిగేది! ఉచితం ఉచితం అని అందరూ వాడుకుంటే, రాసినోడికి అన్నం ఎవరు పెడతారు? నేను పేజీకి రెండు రూపాయలు తీసుకుంటా. జిరాక్స్ సరిగ్గా రాకపోతే నా ముఖం మీద కొట్టి అడుగుతావు. ఉచితంగా ఇచ్చినోడిని ఏమని అడుగుతావు?

(ఈ ప్రశ్నకు ఓపెన్ సోర్స్, అంటే కోడ్ తెరిచి పెట్టే పద్ధతి, అభిమానులు సాధారణంగా చెప్పే జవాబు 'పెద్ద కంపెనీలు డబ్బులిస్తున్నాయిగా' అని. లైనక్స్‌కు గుండెకాయ లాంటి కెర్నెల్ వరకు అది నిజం. వేరే ప్రోగ్రాములు వాడుకునేలా ఒక్కడు కూర్చుని నడిపే చిన్న లైబ్రరీల విషయంలో కాదు. వాణి ఆ సులువు దారి పట్టకపోవడం నాకు నచ్చింది.)

వాణి: ఆ ప్రశ్నకు మా దగ్గర మంచి జవాబు లేదు. దాని వల్ల ఇంకా పెద్ద ప్రమాదం కూడా వచ్చింది. ఎక్స్‌జెడ్ అని ఫైళ్లను కుదించే చిన్న ప్రోగ్రాం. నడిపేది లాసీ కోలిన్ అనే ఒక్క మనిషి, జీతం లేకుండా. అలసిపోయాడు. 2021లో జియా టాన్ అనే పేరుతో ఎవరో సాయం చేస్తామని వచ్చి, రెండేళ్లకు పైగా నమ్మకంగా పనిచేసి, చివరికి ప్రాజెక్టు పగ్గాలు పంచుకునే దాకా వెళ్లారు. 2024లో దాంట్లో దొంగదారి పెట్టారు. అది అన్నిచోట్లకూ చేరి ఉంటే ప్రపంచంలో లెక్కలేనన్ని సర్వర్లలోకి వాళ్లు నేరుగా వెళ్లిపోయేవారు.

హుసేన్: ఎలా దొరికింది మరి?

వాణి: ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజనీరు ఏదో పరీక్ష చేసుకుంటుంటే సర్వర్‌లోకి లాగిన్ అవడానికి అర సెకను ఎక్కువ పడుతోంది. ఎందుకని తవ్వుకుంటూ పోయాడు. ఆ ఏడాది మార్చి 29న బయటపెట్టాడు.

హుసేన్: అతను ఎక్కడ పనిచేస్తాడు?

వాణి: ...మైక్రోసాఫ్ట్‌లో.

హుసేన్: శభాష్! మీ ఇంట్లో దొంగను మా వీధి వాచ్‌మన్ పట్టుకున్నాడు.

వాణి: పట్టుకోగలిగాడు అన్నా. లోపలికి వెళ్లి చూడటానికి ఎవరినీ అడగక్కర్లేకపోయింది. అదే మూసిన ప్రోగ్రాం అయితే, 'మీది అర సెకను నెమ్మదిగా ఉంది' అని కంపెనీకి మెయిల్ పెట్టి కూర్చోవాలి. అయినా యజమాని ఉంటే అడగొచ్చంటున్నారు కదా. అదే ఏడాది జూలై 19న క్రౌడ్‌స్ట్రయిక్ అనే కంప్యూటర్ భద్రత కంపెనీ ఒక తప్పుడు అప్‌డేట్ పంపితే దాదాపు 85 లక్షల విండోస్ మిషన్లు పడిపోయాయి. మన హైదరాబాద్ విమానాశ్రయంలో బోర్డింగ్ పాసులు చేత్తో రాసిచ్చారు. ఆ రోజు క్యూలో నిలబడినవాడు ఎవరి ముఖం మీద కొట్టి అడిగాడు?

హుసేన్: అదీ నిజమే. అందుకే ఈ వార్తలు చదవడం మానేశా. మొన్నామధ్య, 2025 జూన్‌లో, 1,600 కోట్ల పాస్‌వర్డ్‌లు లీక్ అని టీవీలో ఎర్రక్షరాలు. భూమ్మీద మనుషులే అంతమంది లేరు. మా ఇంటావిడ టెన్షన్ పడి ఫోన్ ఆఫ్ చేసి బీరువాలో పెట్టింది.

వాణి: ఆ వార్త అలా చెప్పడం తప్పే. ఒకచోట కొత్తగా జరిగిన దొంగతనం కాదు. పాత లీకులు, జనం కంప్యూటర్లలో దూరిన దొంగ ప్రోగ్రాములు పోగుచేసినవి, అన్నీ కుప్ప పోసి లెక్క చెప్పారు. కానీ ఆ దొంగ ప్రోగ్రాములు కంప్యూటర్లలోకి ఎలా వస్తాయో టీవీలో ఎంతమంది చెప్పారు? ఎక్కువగా వచ్చే దారుల్లో ఒకటి క్రాక్ చేసిన సాఫ్ట్‌వేర్. పేజీలు కూర్చే మీ పేజ్‌మేకర్ ఎక్కడిది?

హుసేన్: (తల గోక్కుంటూ) ఒకాయన పెన్‌డ్రైవ్‌లో ఇచ్చాడు.

వాణి: మరి ఇందాక యజమానిని అడుగుతానన్నారే. దొంగకాపీకి యజమాని ఎవరన్నా?

హుసేన్: ఏం చేయమంటావు? కరపత్రం, పెళ్లి పత్రిక, అర్జీ, అన్నీ పేజ్‌మేకర్‌లో అను ఫాంట్లతోనే. యాపిల్ కీబోర్డ్ లేఅవుట్‌లో నా వేళ్లు చూడకుండా పోతాయి. ప్రెస్సువాడూ అదే ఫైలు అడుగుతాడు. మీ ఉచిత సాఫ్ట్‌వేర్‌లో పేజ్‌మేకర్ లాంటిదే స్క్రైబస్ ఉందని మా పిల్లోడు ఎప్పుడో వేశాడు. ఒత్తు ఒకచోట, అక్షరం ఒకచోట. 'క్షేత్రం' అని కొడితే ముక్కలు ముక్కలుగా వచ్చింది.

వాణి: పాత స్క్రైబస్ అంతే. తెలుగులాంటి లిపులు సరిగ్గా కూర్చే ఇంజను ఉన్న స్థిరమైన వెర్షన్, 1.6, వచ్చింది 2024 జనవరిలో. చాలా ఆలస్యం, ఒప్పుకుంటా. కానీ పేజ్‌మేకర్ చివరి వెర్షన్ 7.0 వచ్చింది 2001లో. ఆ తర్వాత అడోబీ దాన్ని వదిలేసి ఇన్‌డిజైన్ వైపు వెళ్లిపోయింది. మీరు పాతికేళ్లుగా టైపు చేసినవి ఫోన్‌లో అతికించి చూడండి, పిచ్చి గీతలే కనపడతాయి. ఆ ఫాంట్లు లేని చోట అది తెలుగే కాదు. పోయినేడు రాసిచ్చిన అర్జీలో సర్వే నంబరు మార్చి మళ్లీ ఇమ్మంటే మీ దగ్గరికే రావాలి. వాట్సాప్‌లో పంపి ఊళ్లోనే మార్చుకోవడానికి లేదు.

హుసేన్: నా దగ్గరికే రావాలి అంటే నాకు మంచిదే కదా!

(ఇంత నిజాయితీగా మాట్లాడే సాఫ్ట్‌వేర్ కంపెనీ నాకు కనపడలేదు.)

వాణి: మీకు మంచిదే, మీ మిషన్ చెడిపోయేదాకా. ఏ ఫోన్‌లోనైనా తెలుగుగానే కనపడే యూనికోడ్‌లోకి మారితే సూరన్న, రామభద్ర, మండలి లాంటి ఫాంట్లు ఉన్నాయి, ఉచితం, లైసెన్సు గొడవ లేదు. లైనక్స్‌లో మీ యాపిల్ లేఅవుట్ లాగే కీబోర్డ్ నేను తయారుచేసిస్తా.

హుసేన్: అది చేసిస్తే ఆలోచిస్తా. కానీ నువ్వు ప్రైవసీ ప్రైవసీ అంటూ మొదలుపెట్టావు కదా, దాని సంగతి చెప్పు. రోజూ వచ్చేవాళ్లు కార్డు నా వాట్సాప్ నంబరుకు పంపి 'అన్నా, ప్రింట్ తీయి' అంటారు. వాట్సాప్‌లో దారి మధ్యలో ఎవరూ చదవలేరంటారు కదా?

వాణి: అవును. 2016 నుంచి అందరికీ ఎన్‌క్రిప్షన్ ఉంది. అది సిగ్నల్ అనే ఇంకో మెసేజీల యాప్ వాళ్ల పద్ధతి, నిపుణులు ఎవరైనా పరిశీలించేలా బయటే ఉంది. వాట్సాప్ యాప్ కోడ్ మాత్రం మూసే ఉంది.

హుసేన్: ఆ పద్ధతి తెరిచినా, యాప్ మూసినా, కార్డు చేరింది నా ఫోన్‌కు. డౌన్‌లోడ్స్‌లో చూడు, పోయినేడాది కార్డులు కూడా ఉన్నాయి. ఈ-ఆధార్ పీడీఎఫ్‌కు పాస్‌వర్డ్ అంటారు. పేరులో మొదటి నాలుగు ఇంగ్లీషు అక్షరాలు, పుట్టిన సంవత్సరం. రెండూ ఆ అర్జీలోనే ఉంటాయి, అర్జీ టైపు చేసింది నేనే! నేను చెడ్డోడినైతే లైనక్స్ ఏం చేస్తుంది?

(ఈ రౌండు హుసేన్‌దే. 2017 ఆగస్టు 24న తొమ్మిదిమంది జడ్జీల సుప్రీంకోర్టు ధర్మాసనం గోప్యత ప్రాథమిక హక్కు అని తేల్చింది. ఆ హక్కు ఈ కౌంటర్ దాకా వచ్చేసరికి డౌన్‌లోడ్స్ ఫోల్డర్‌లో పడి ఉంది. 2022 మేలో ఆధార్ సంస్థ బెంగళూరు కార్యాలయం, ఇలాంటి షాపుల కంప్యూటర్లలో ఈ-ఆధార్ దించుకోవద్దు, దించుకుంటే పూర్తిగా చెరిపేయండి అని ప్రకటన ఇచ్చింది. జనం అపార్థం చేసుకుంటారని రెండు రోజులకే కేంద్రం దాన్ని వెనక్కి తీసుకుంది. నా లెక్కలో ప్రకటనే సరైనది.)

వాణి: మీరు చెడ్డవారైతే ఏమీ చేయదు. మీరు మంచివారు, తీరిక లేనివారు. అక్కడ పనికొస్తుంది. మింట్‌లో గెస్ట్ సెషన్ అని ఒకటుంది. లాగౌట్ అవగానే అందులో దింపినవన్నీ పోతాయి, మీరు గుర్తుపెట్టుకుని చెరపక్కర్లేదు. షాపు వాట్సాప్‌లో మెసేజీలు 24 గంటలకు పోయేలా పెడదాం. నాలుగే అంకెలు కనపడే మాస్క్‌డ్ ఆధార్ ఉందని గోడ మీద ఒక కాగితం అంటిద్దాం.

హుసేన్: మాస్క్‌డ్ తీసుకెళ్తే ఆఫీసులో గుమాస్తా 'పూర్తిది తే' అని వెనక్కి పంపుతాడు. వాళ్లు మళ్లీ నా దగ్గరికే వచ్చి తిడతారు. సరే, కాగితం అంటించు. ముందువైపు మిషన్‌లో లైనక్స్ వేయి. పేజ్‌మేకర్ మిషన్‌ను ముట్టుకోవద్దు.

వాణి: ముట్టుకోను, నెట్ వైరు పీకేస్తా. దాన్ని టైపింగ్‌కే వాడండి.

హుసేన్: ప్రింటరు దానికే ఉంటుంది కదా, లైనక్స్‌లో సతాయిస్తుందన్నావు. మరి జనం కార్డులు ఇందులోంచి అందులోకి ఎలా? పెన్‌డ్రైవ్‌లోనేగా? వైరస్ వచ్చేదే పెన్‌డ్రైవ్‌లో అని ఇప్పుడేగా నన్ను తిట్టావు!

వాణి: ...అది నేను ఆలోచించలేదు. లైనక్స్‌కు సరిగ్గా పనిచేసే ప్రింటరు ఇంకొకటి కొంటే సరిపోతుంది.

హుసేన్: ఉచిత సాఫ్ట్‌వేర్ కోసం ప్రింటరు కొనాలా! ఎంతవుతుంది?

వాణి: ధర కనుక్కుంటా. మీరు మాత్రం కొనేముందు లైనక్స్ డ్రైవర్ ఉందా అని షాపువాడిని అడగండి.

హుసేన్: పాతబస్టాండు దగ్గర ప్రింటర్లు అమ్మేవాడిని లైనక్స్ అని అడిగితే, అది ఏ కంపెనీది అంటాడు. నువ్వే రా, ఆదివారం. సోమవారం మాత్రం రావద్దు.